ఆల్-స్టార్ బ్రేక్ తర్వాత ఎవరు ఎలా ఆడతారో ముందే చెప్పగలమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డల్లాస్‌లో ఆఫీసు వాళ్లు బలవంతపెడితే ఈ ఏడాది ఫ్యాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల అంకెలతో పోటీపడే ఆట) చేరారు. క్రికెట్ చిన్నప్పటి నుంచి చూస్తున్నారు, బేస్‌బాల్ మాత్రం మూడు నెలల పరిచయం. ఆల్-స్టార్ బ్రేక్ (ఎంపికైన ఆటగాళ్ల ఆల్-స్టార్ గేమ్ కోసం జూలైలో ఇచ్చే విరామం) వచ్చేసింది, పన్నెండు టీముల్లో మీది ఆరో స్థానం. మీ దగ్గర .331 యావరేజ్‌తో (వెయ్యి ప్రయత్నాలకు 331 హిట్లు, అంటే బంతి కొట్టి బేస్ చేరడం) కొడుతున్న బ్యాటర్ ఒకడున్నాడు. అతన్ని ఇస్తే మీ కొలీగ్ తన .219 బ్యాటర్‌తో పాటు ఒక స్టార్టింగ్ పిచర్‌ని (ఆట మొదటి నుంచి బంతులు వేసేవాణ్ని) కూడా ఇస్తానంటున్నాడు. "ఇప్పటిదాకా వచ్చిన అంకెల్ని రెండింతలు చేస్తే సీజన్ మొత్తం లెక్క వచ్చేస్తుంది కదా, మరి ఇతను ఎందుకు ఇస్తానంటున్నాడు?" అని అడిగారు.

రెండింతలు చేయకండి. సూటిగా చెప్పాలంటే జవాబు ఇది: మార్చిలో, సీజన్ మొదలుకాకముందు, ఆ ఆటగాడి మీద ఉన్న అంచనాతో మొదలుపెట్టండి. మొదటి సగంలో చూసినదాన్ని బట్టి దాన్ని కొంచెం జరపండి. ఎంత జరపాలన్నది మీరు చూస్తున్న అంకెను బట్టి ఉంటుంది. స్ట్రైకౌట్ల (మూడు స్ట్రైక్‌లతో అవుట్ కావడం) శాతం మారితే ఎక్కువ జరపాలి. బ్యాటింగ్ యావరేజ్ మారితే చాలా తక్కువ. పిచర్ గెలుపోటములైతే దాదాపు పట్టించుకోనక్కర్లేదు. ఆ పైన, ఎన్ని ఆటలు ఆడతాడన్నది విడిగా లెక్కేసుకోండి. మీ కొలీగ్ బేరం నాకు మోసంలా అనిపించలేదు, పైగా అతను మీకంటే ఎక్కువ కంగారులో ఉన్నట్టున్నాడు. దాని సంగతి చివర్లో చెప్తాను.

నా గురించి ఒక్క మాట. 2009 నుంచి ఒకే లీగ్‌లో ఆడుతున్నాను, పగలు చేసే ఉద్యోగం కూడా డేటాతోనే. మూడుసార్లు గెలిచాను, రెండుసార్లు అట్టడుగున తేలాను. కింద చెప్పేవాటిలో సగం ఆ అట్టడుగు సంవత్సరాల్లో నేర్చుకున్నవే.

ముందు చిన్న సవరణ. "సెకండ్ హాఫ్" అంటాం కానీ అది సగం కాదు. సీజన్‌కి 162 ఆటలైతే బ్రేక్ వచ్చేసరికి మామూలుగా 95 దాకా అయిపోతాయి, మిగిలేవి 65 పైచిలుకు. 2013లో బాల్టిమోర్ ఆటగాడు క్రిస్ డేవిస్ బ్రేక్‌కి 37 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్స్ లాంటివి) కొట్టాడు. టీమ్ ఆడినవి 96 ఆటలు, ఆ లెక్కన 62 వస్తాయని అందరూ అన్నారు. చివరికి 53 దగ్గర ఆగాడు. 1969లో రెగీ జాక్సన్‌ది కూడా బ్రేక్‌కి 37, సీజన్ ముగిసేసరికి 47. మరి కాల్ రాలీ అనకండి, 2025లో 38తో బ్రేక్‌కి వెళ్లి 60 కొట్టాడు, నిజమే. అయినా అది కూడా "ఇదే ఊపులో వెళ్తే" అన్న లెక్క కంటే తక్కువే. 2022లో ఆరన్ జడ్జ్ 33 నుంచి 62కి వెళ్లాడు, ఆ లెక్కను దాటేశాడు. దాటేవాళ్లు ఉంటారు. కానీ బ్రేక్ నాటికి జాబితా పైన ఉన్నవాళ్లలో కిందికి జారేవాళ్లే ఎక్కువ. ఎందుకంటే జాబితా పైకి చేరాలంటే నైపుణ్యంతో పాటు అదృష్టం కూడా కలిసిరావాలి, నైపుణ్యం ఆగస్టులోనూ ఉంటుంది కానీ అదృష్టం అలా వెంట రాదు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ లూయిస్ అరాయెజ్. 2023 జూన్ చివర్లో కూడా అతని యావరేజ్ .400 చుట్టుపక్కలే ఉంది. (క్రికెట్ వాళ్ల కోసం: .400 అంటే వెయ్యి ప్రయత్నాల్లో 400 హిట్లు. అమెరికన్, నేషనల్ లీగ్‌లలో చివరిసారి సీజన్ మొత్తం ఆ గీత దాటింది 1941లో టెడ్ విలియమ్స్, .406తో.) బ్రేక్‌కి .383. మా లీగ్ చాట్‌లో రోజూ ఇదే చర్చ, .400 అవుతుందా అవదా అని. సీజన్ చివరికి 574 అట్-బ్యాట్‌లలో (యావరేజ్ లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ ప్రయత్నాలు) 203 హిట్లు, .354. అంటే బ్రేక్ తర్వాత కొట్టింది దాదాపు .315 అన్నమాట. ఇప్పుడు అంతకు ముందు ఏడాది చూడండి. 2022లో మిన్నెసోటా తరఫున బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అందరికంటే ఎక్కువ యావరేజ్) గెలిచినప్పుడు అతని యావరేజ్ .316! రెండో సగంలో అరాయెజ్ ఫామ్ ఏమీ పోలేదు. తన అసలు స్థాయికి వచ్చాడు, అంతే. 2023లోనూ టైటిల్ అతనిదే.

చాలామంది ఇక్కడే పొరబడతారు. సగటు వైపు జారడం అంటే చెత్తగా ఆడటం కాదు. మొదటి సగంలో అదృష్టం బాగున్నవాడికి రెండో సగంలో దురదృష్టం రావాలన్న నియమమేమీ లేదు. తన స్థాయిలో ఆడతాడు, మనకు మాత్రం పడిపోయినట్టు కనిపిస్తుంది.

మరి ఏ అంకెను ఎంత నమ్మాలి?

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం. గిన్నెలో బియ్యమంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి ఒక మెతుకు చాలు. బేస్‌బాల్‌లో కొన్ని అంకెలు అలాంటివే, కొన్నింటికి గిన్నెలో సగం తిన్నా ఉడికిందో లేదో తెలియదు. రస్సెల్ కార్ల్‌టన్ అనే బేస్‌బాల్ విశ్లేషకుడు దీని మీద లెక్కలు వేశాడు. బ్యాటర్ స్ట్రైకౌట్ శాతానికి 60 సార్లు బ్యాటింగ్‌కి వస్తే చాలు, సగం సంకేతం, సగం గోల అనే స్థాయికి వస్తుంది. వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కి ఉచితంగా దక్కే మొదటి బేస్) శాతానికి 120. హోమ్ రన్ శాతానికి 170. బ్యాటింగ్ యావరేజ్‌కి మాత్రం 910 అట్-బ్యాట్‌లు కావాలి. ఫుల్‌టైమ్ ఆటగాడికి సీజన్ మొత్తానికి వచ్చేవే 550, 600. అంటే ఏడాదిన్నర చూస్తే గానీ యావరేజ్‌ని సగమైనా నమ్మలేం.

మీ .331 బ్యాటర్‌నే తీసుకుందాం. బ్రేక్‌కి 340 అట్-బ్యాట్‌లు అనుకుందాం, మార్చిలో అతని మీద ఉన్న అంచనా .270. 340ని, 340 కలిపి 910, అంటే 1250తో భాగిస్తే 0.27. తేడా 61 పాయింట్లు, అందులో 0.27 వంతు అంటే 16. కాబట్టి ఇకమీదట అతను .286 కొట్టొచ్చు. నిజానికి ఇంకా తగ్గించాలి. ఈ 910 అనేది ఆటగాడి గురించి ఏమీ తెలియనప్పుడు లీగ్ సగటు వైపు లాగడానికి వాడే అంకె. మనకు అతని మూడేళ్ల రికార్డు ముందే తెలుసు కాబట్టి ఈ మూడు నెలలకు అంత బరువు కూడా ఇవ్వకూడదు. నేనైతే .280 దగ్గర పెడతాను. మీ మనసులో .331 ఉంది, అసలు మాట్లాడాల్సింది .280 గురించి.

ఈ పాత అంచనా ఎందుకంత ముఖ్యమో చెప్పే కథ ఒకటుంది, గణాంక శాస్త్రం చదివినవాళ్లకు తెలిసే ఉంటుంది. 1970 సీజన్‌లో 18 మంది బ్యాటర్ల మొదటి 45 అట్-బ్యాట్‌లు తీసుకుని, మిగతా సీజన్‌ను అంచనా వేయగలమా అని బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అనే గణాంక శాస్త్రవేత్తలు చూశారు. ఎవరి యావరేజ్‌ను వాళ్లకే అంచనాగా పెట్టే బదులు, అందరినీ ఆ గుంపు సగటు వైపు గట్టిగా లాగారు. మొత్తం తప్పు మూడో వంతు కంటే తగ్గిపోయింది. ఆ కిటుకు చాలామందికి గుర్తుంది. నాకు గుర్తున్నది ఆ పద్ధతి ఎక్కడ తప్పిందన్నది. ఆ 18 మందిలో అందరికంటే పైన ఉన్నది పిట్స్‌బర్గ్ రాబర్టో క్లెమెంటే, .400. మిగతా సీజన్ .346 కొట్టాడు, గుంపు సగటు వైపు లాగినదానికంటే చాలా ఎక్కువ. మరి క్లెమెంటే అప్పటికే నాలుగు బ్యాటింగ్ టైటిళ్లు గెలిచినవాడు! బేస్‌బాల్ చూసేవాడెవడూ అతన్ని మిగతా 17 మందితో ఒక గాటన కట్టడు. కింది నుంచి రెండో స్థానంలో .178తో ఉన్నది న్యూయార్క్ యాంకీస్ కుర్రాడు థర్మన్ మన్సన్. మిగతా సీజన్ .316 కొట్టి ఆ ఏడాది రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు.

కాబట్టి లాగండి, కానీ లీగ్ సగటు వైపు కాదు, ఆ ఆటగాడి సొంత గతం వైపు లాగండి. గతం లేని కుర్రాళ్లతోనే కష్టం. వాళ్ల విషయంలో ఎవరు ఎంత ధీమాగా చెప్పినా నేను నమ్మను.

ఈ లెక్కలన్నీ మీరు చేత్తో చేయక్కర్లేదు. టామ్ టాంగో అనే అతను ఒక పద్ధతి తయారుచేసి దానికి ఒక కోతి పేరు పెట్టాడు, మార్సెల్ అని. కోతి కూడా చేయగలిగేంత తేలిక అని. గత మూడేళ్లకు 5, 4, 3 బరువులు ఇస్తుంది, లీగ్ సగటు కొంత కలుపుతుంది, వయసుకు చిన్న సర్దుబాటు చేస్తుంది. అంతే. పెద్ద పెద్ద పద్ధతులు దీన్ని దాటతాయి కానీ మీరు ఊహించుకునేంత తేడాతో కాదు. జిప్స్, స్టీమర్ లాంటి అంచనా పద్ధతులు "మిగతా సీజన్" అంచనాలను సీజన్ నడుస్తుండగానే మారుస్తూ ఉంటాయి, ఫ్యాన్‌గ్రాఫ్స్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టండి.

అంచనా బాగున్నా ఫలితం తప్పుతుంది, ఎంత తప్పుతుందో ముందే తెలుసుకోండి

మిగిలిన 65 ఆటల్లో ఒక బ్యాటర్‌కి 240 అట్-బ్యాట్‌లు వస్తాయనుకుందాం. అతని అసలు స్థాయి కచ్చితంగా .270 అని దేవుడే వచ్చి చెప్పాడనుకోండి. అయినా ఆ 240లో హిట్లు 65 రావచ్చు, 58 రావచ్చు, 72 రావచ్చు. నాణెం ఎగరేసినట్టే. మూడింట రెండు వంతుల సార్లు .241కి, .299కి మధ్య తేలతాడు, మిగిలిన ఒక వంతు ఆ గీతలు కూడా దాటేస్తాడు. .241 అయితే టీవీలో "ఫామ్ కోల్పోయాడు" అంటారు, .299 అయితే "కొత్త స్టాన్స్ పనిచేసింది" అంటారు. రెండింటి మధ్య తేడా రెండున్నర నెలల్లో 14 హిట్లు, వారానికి ఒకటిన్నర కూడా కాదు. వాటిలో కొన్ని ఫీల్డర్ చేతికి అంగుళం దూరంలో పడ్డవి.

దేవుడు చెప్పిన అంచనాకే ఇంత తప్పు ఉంటే మనదెంత? ఈ ఆటలో మీరు కచ్చితంగా చెప్పక్కర్లేదు, మీ లీగ్‌లో మిగతా పదకొండు మంది కంటే కాస్త తక్కువ తప్పితే చాలు.

పిచర్ల విషయంలో నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తాను. 2010, మా లీగ్‌లో నాకు రెండో ఏడాది. కొలరాడో పిచర్ ఉబాల్డో హిమెనెజ్ ఏప్రిల్‌లో నో-హిట్టర్ (ఎదుటి టీమ్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేశాడు, బ్రేక్‌కి 15 గెలుపులు, 1 ఓటమి, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ తన ఖాతాలో ఇచ్చిన సగటు రన్లు, తక్కువైతే మంచిది) 2.20. ఆల్-స్టార్ గేమ్‌లో నేషనల్ లీగ్‌కి స్టార్టర్ అతనే. నేను ఇద్దరు మంచి బ్యాటర్లను ఇచ్చి అతన్ని తెచ్చుకున్నాను. ఆ రోజు రాత్రి మా ఆవిడకు ఆ 15-1 చూపించి మరీ పడుకున్నాను. తర్వాత అతను 4 గెలిచాడు, 7 ఓడాడు, ఈఆర్ఏ 3.80. మొత్తం సీజన్‌కి 19-8, 2.88. చాలా మంచి సీజనే, నాకు దక్కిన ముక్క తప్ప. మార్చిలో నేనేం అనుకున్నానో గుర్తు చేసుకోవాల్సింది. 2009లో అతని ఈఆర్ఏ 3.47. నాకు వచ్చిన 3.80 ఆ 3.47కి దగ్గరా, 2.20కి దగ్గరా? మీరే చూడండి.

పిచర్‌కి గెలుపోటములు తన టీమ్ ఎన్ని రన్లు కొట్టిందన్నదాని మీద ఆధారపడతాయి. 2018లో జేకబ్ డిగ్రామ్ 1.70 ఈఆర్ఏతో సై యంగ్ అవార్డు (ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది) గెలిచాడు, అతని రికార్డు 10-9. ఈఆర్ఏ కూడా పూర్తిగా పిచర్ చేతిలో ఉండేది కాదు. బంతి బ్యాట్‌కి తగిలి మైదానంలో పడ్డాక హిట్ అవుతుందా, అవుట్ అవుతుందా అన్నదానిపై పిచర్‌కి పట్టు చాలా తక్కువని 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్ అనే విశ్లేషకుడు రాస్తే పెద్ద గొడవే అయింది. తర్వాత కొన్ని సవరణలు వచ్చాయి కానీ మూలం నిలిచింది. అందుకే పిచర్‌లో నేను చూసేవి స్ట్రైకౌట్లు, వాక్‌లు, ఫాస్ట్‌బాల్ వేగం. వేగం విషయంలో ఒక జాగ్రత్త. వేసవి ముదిరేకొద్దీ పిచర్ల వేగం కొంచెం పెరుగుతుంది, కాబట్టి ఈ జూలైని ఏప్రిల్‌తో పోల్చకండి, నిరుటి జూలైతో పోల్చండి. గంటకు మైలున్నర తగ్గి ఉంటే ఈఆర్ఏ ఎంత ముద్దుగా ఉన్నా నేను అమ్మేస్తాను.

బ్యాటర్లలో కూడా మైదానంలో పడ్డ బంతుల్లో ఎన్ని హిట్లు అయ్యాయో చూస్తారు, లీగ్ మొత్తానికి అది .300 దగ్గర ఉంటుంది. .380 ఉంటే అదృష్టం, .230 ఉంటే దురదృష్టం అని చకచకా తేల్చేస్తారు. అంత తొందర వద్దు. జపాన్ నుంచి వచ్చిన బ్యాటర్ ఇచిరోకి కెరీర్ మొత్తం మీద అది .338. వేగంగా పరిగెత్తేవాళ్లకు, లైన్ డ్రైవ్‌లు (నేలకు కాస్త ఎత్తులో సూటిగా దూసుకెళ్లే దెబ్బలు) కొట్టేవాళ్లకు సొంత సగటు ఉంటుంది. మళ్లీ అదే మాట, ఆ మనిషి గతం చూడండి.

ఇంతకీ నిజంగా మారినవాళ్లను గుర్తుపట్టేదెలా?

మారేవాళ్లు ఉంటారు. హోసే బౌటిస్టా 2009 వరకు ఏ సీజన్‌లోనూ 16 హోమ్ రన్లు దాటలేదు, 2010లో 54 కొట్టాడు. మార్చి అంచనానే పట్టుకుని కూర్చున్నవాడు ఆ ఏడాది మొత్తం అతన్ని తక్కువ అంచనా వేస్తూనే ఉన్నాడు, అందులో నేనూ ఒకణ్ని. కానీ అతని విషయంలో ఆధారం ఉంది. స్వింగ్ ముందుగా మొదలుపెట్టేలా మార్చుకున్నాడు, 2009 సెప్టెంబర్‌లోనే 10 హోమ్ రన్లు కొట్టాడు. అటువైపు 2006లో డెట్రాయిట్‌కి ఆడిన క్రిస్ షెల్టన్‌ను చూడండి. మొదటి 13 ఆటల్లో 9 హోమ్ రన్లు! సీజన్ మొత్తానికి 16. జూలై ఆఖర్లో మైనర్ లీగ్‌కి పంపేశారు.

అందుకే నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఫలితం మారితే చాలదు, పని మారి ఉండాలి. కొత్త పిచ్ నేర్చుకున్నాడా? స్టాన్స్ మార్చాడా? చెడ్డ బంతుల వెంట పడటం తగ్గిందా? 2015 నుంచి స్టాట్‌కాస్ట్ అనే బంతి కదలికల్ని కొలిచే వ్యవస్థ అన్ని స్టేడియాల్లో ఉంది, బంతి బ్యాట్‌ను ఎంత వేగంతో వదిలిందో కూడా తెలుస్తుంది. గంటకు 95 మైళ్లు దాటిన దెబ్బలు నిరుటికంటే బాగా పెరిగాయంటే నా అంచనాను ధైర్యంగా జరుపుతాను. ఏదీ మారకుండా యావరేజ్ ఒక్కటే 60 పాయింట్లు పెరిగితే జరపను. ఇలా చూసినా కొన్ని అందవు. 2015లో షికాగో కబ్స్ పిచర్ జేక్ అరియేటా బ్రేక్ తర్వాత 0.75 ఈఆర్ఏతో ముగించాడు, చరిత్రలో అంత తక్కువ రెండో సగం ఇంకెవరిదీ లేదు. నాకు ముందే తెలుసు అని ఎవరైనా అంటే టీ తాగించి పంపించేయండి.

తలకిందులుగా చూస్తే ఇదే నియమం నన్ను కాపాడింది కూడా. 2019లో క్లీవ్‌లాండ్ ఆటగాడు హోసే రమీరెజ్, 2017లో, 2018లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) ఓటింగ్‌లో మూడో స్థానం, 2018లో 39 హోమ్ రన్లు కొట్టినవాడు, 2019 బ్రేక్‌కి .218 యావరేజ్, 7 హోమ్ రన్లతో ఉన్నాడు. మా లీగ్‌లో అతన్ని తన టీమ్‌లో పెట్టుకున్నవాడు రమీరెజ్ పేరెత్తితేనే విసుక్కునేవాడు. నేను చూస్తే స్ట్రైకౌట్లు మితిమీరలేదు, వయసు 26, గాయం వార్త లేదు. నాకున్న మూడో స్థాయి ఔట్‌ఫీల్డర్‌ని ఇచ్చి తెచ్చుకున్నాను. బ్రేక్ తర్వాత .327 కొట్టాడు, 16 హోమ్ రన్లు. కానీ కథ అక్కడ అయిపోలేదు. ఆగస్టు 24న స్వింగ్ చేస్తూ చేతిలో హేమేట్ ఎముక విరిగింది. మా లీగ్ ప్లేఆఫ్స్ సెప్టెంబర్ మొదట్లో, అతను లేకుండానే ఓడిపోయాను. సెప్టెంబర్ 24న తిరిగొచ్చి మొదటి అట్-బ్యాట్‌లోనే గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకు నాలుగు రన్లు ఇచ్చే హోమ్ రన్) కొట్టాడు. సోఫాలో కూర్చుని చప్పట్లు కొట్టాను, ఇంకేం చేస్తాం.

అందుకే ఎంత బాగా ఆడతాడన్నదానికంటే ఎంత ఆడతాడన్నది ముందు చూడండి. మా లీగ్‌లో తేలిన ఫలితాల్ని వెనక్కి తిరిగి చూసుకుంటే నా తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే. గాయాలే కాదు. మొదటి స్థానంలో బ్యాటింగ్ చేసేవాణ్ని ఏడో స్థానానికి దించితే మిగిలిన సీజన్‌లో నలభై అవకాశాలు తగ్గుతాయి. కుర్ర పిచర్లకు ఇన్నింగ్స్ పరిమితి పెట్టేస్తారు, 2012లో వాషింగ్టన్ వాళ్లు ప్లేఆఫ్స్ ముందుండగా స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ని 159 ఇన్నింగ్స్ దాటాక ఆపేశారు. జూలై ఆఖరి ట్రేడ్ డెడ్‌లైన్‌లో ఓడిపోతున్న టీమ్ తన క్లోజర్‌ని (చివరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యం కాపాడే పిచర్‌ని) అమ్మేస్తే, కొత్త టీమ్‌లో అతనికి ఎనిమిదో ఇన్నింగ్స్ ఇస్తారు, ఒక్క పిచ్ వేయకముందే మీ సేవ్‌లు (క్లోజర్ అలా కాపాడిన ఆటలు) సున్నా. కొన్నిసార్లు ట్రేడ్ కలిసొస్తుంది. 2017లో జె.డి. మార్టినెజ్ డెట్రాయిట్ నుంచి అరిజోనాకి వెళ్లి 62 ఆటల్లో 29 హోమ్ రన్లు కొట్టాడు. అలాంటివి గుర్తుంటాయి, మామూలుగా పోయినవి గుర్తుండవు.

స్టోలెన్ బేస్‌లు (పిచర్ బంతి వేసేలోగా పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం) ఇంకో రకం, అవి కాళ్ల కంటే ఉద్దేశాన్ని బట్టి ఉంటాయి. 2024లో లాస్ ఏంజలెస్ డాడ్జర్స్ ఆటగాడు షోహెయ్ ఒతాని బ్రేక్‌కి 29 హోమ్ రన్లు, 23 స్టోలెన్ బేస్‌లతో ఉన్నాడు. చివరికి 54, 59. మోచేయి ఆపరేషన్ వల్ల ఆ ఏడాది పిచింగ్ లేదు, పరిగెత్తాలని నిశ్చయించుకున్నాడు. అలాంటి నిశ్చయాన్ని ఏ లెక్కా ముందే పట్టుకోదు, కానీ జూలై చివర్లో రెండు వారాలు చూసినవాడికి కనిపించింది.

హోమ్ రన్ డెర్బీ (ఆల్-స్టార్ బ్రేక్‌లో జరిగే హోమ్ రన్ల పోటీ)లో పాల్గొన్నవాళ్లు తర్వాత పడిపోతారన్న శాపం గురించి కూడా అడిగారు. 2005లో బాబీ అబ్రూ డెర్బీ గెలిచాడు, అప్పటికి 18 హోమ్ రన్లు, తర్వాత 6. అక్కడి నుంచే ఈ మాట బలపడింది. డెర్బీకి పిలిచేదే మొదటి సగంలో దంచేసినవాళ్లను కదా, వాళ్లు తర్వాత కాస్త తగ్గకపోతేనే ఆశ్చర్యం. 2017లో ఆరన్ జడ్జ్ కూడా డెర్బీ గెలిచాడు, .329 నుంచి రెండో సగంలో .228కి వచ్చాడు. శాపమన్నారు. అతని ఎడమ భుజం బాగోలేదు, నవంబర్‌లో ఆపరేషన్ అయింది. పైగా ఆ రెండో సగంలోనే ఆగస్టులో 3 హోమ్ రన్లు, సెప్టెంబర్‌లో 15. ఆగస్టు 31న విసిగి వదిలేసిన మా లీగ్ మిత్రుడు ఇప్పటికీ ఆ మాటెత్తితే టాపిక్ మార్చేస్తాడు.

ఇక మీ ట్రేడ్. మీ .331 బ్యాటర్‌కి స్ట్రైకౌట్ శాతం నిరుటిలాగే ఉందన్నారు, హోమ్ రన్లు పెరగలేదన్నారు. నా లెక్కలో అతను .280 మనిషి. మీ కొలీగ్ .219 బ్యాటర్‌కి 31 ఏళ్లు, గత మూడేళ్లూ .255 పైన, ఏటా 25 హోమ్ రన్లు దాటినవాడు. ఇకమీదట .250, 11 లేదా 12 హోమ్ రన్లు అనుకుంటాను. అంటే యావరేజ్‌లో మీరు 30 పాయింట్లు వదులుకుంటున్నారు, హోమ్ రన్లలో కొంత లాభం, పైన ఒక పిచర్. మీ టీమ్ పిచింగ్‌లో పదో స్థానంలో ఉంది కాబట్టి నేనైతే ఒప్పుకుంటాను.

ఒప్పుకునే ముందు రెండు చూడండి. ఆ .219 బ్యాటర్ ఈ నెలలో ఎన్నో స్థానంలో బ్యాటింగ్ చేస్తున్నాడు, వరుసగా ఎన్ని రోజులు బెంచ్ మీద ఉన్నాడు. ఆ పిచర్ ఫాస్ట్‌బాల్ వేగం నిరుటి జూలైలో ఎంత, ఇప్పుడు ఎంత. ఈ రెండూ ఇక్కడ రాయండి. వేగం మైలు కంటే ఎక్కువ తగ్గి ఉంటే ఆ పిచర్ వద్దు, అతని బదులు అదే కొలీగ్ దగ్గర ఇంకెవరున్నారో కలిపి చూద్దాం. డెడ్‌లైన్‌కి ఇంకా రెండు వారాలుంది, కొలీగ్‌కి అప్పుడే ఊ కొట్టకండి.